గడ్డం పెంచుకుంటున్న రాజు

మొన్నామధ్య ఒక పొద్దున నేను రాసుకునే బల్ల తుడుచుకుంటూ ఉండగా ఫోను మోగింది. రాసుకునే బల్ల అనడం పాత అలవాటు. ఈ మధ్య దాని దగ్గర జరిగే పని తుడవడం ఒక్కటే. మా ఇల్లు ముత్తుకూరుకి కొంచెం ఇవతల. కిటికీ తెరిస్తే కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి, తెరిచే ఉంచితే మధ్యాహ్నానికల్లా బల్ల మీద సన్నగా బూడిద పేరుకుంటుంది. కాబట్టి రోజూ తుడవాలి. తుడిచాక కాయితాలు సర్దాలి, సర్దాక పెన్ను రాస్తోందో లేదో చూడాలి, చూశాక కాఫీ తాగాలి. ఆ తర్వాత కూడా ఏ పనీ మిగలకపోతే అప్పుడు రాయాలి. వ్యవహారం అంతదాకా రాకుండా నేను చాలా జాగ్రత్తగా చూసుకుంటున్నాను.

ఫోను చేసింది మా మేనత్త ఊరి మనిషి. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే రొయ్యల గుంటల మధ్య ఉంటుంది ఆ ఊరు. ఇతన్ని అక్కడందరూ రాజు అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు అది కాదు. చర్చిలో క్రిస్మస్ నాటకం ఆడిన ప్రతి ఏడూ పసిబిడ్డల్ని చంపించే దుర్మార్గపు రాజు వేషం ఇతనే వేస్తూ రావడంతో అసలు పేరు అతని ఆధార్ కార్డులో మాత్రం మిగిలింది. మనిషికి చీమను తొక్కాలన్నా ప్రాణం ఒప్పదు. ఇంట్లో కోడిని కొయ్యాల్సి వస్తే పెళ్లాన్ని పిలిచి తను వీధిలోకి వెళ్లిపోతాడు. నాకంటే నాలుగైదేళ్లు చిన్న, అక్కా అని పిలుస్తాడు.

"అక్కా, ఆదివారం వేషాలు పంచేసినాం," అన్నాడు. నేను అర్థం కానట్టు ఏం వేషాలన్నాను. "పండగ నాటకానికే. మీ అత్త టీచరమ్మ పొయ్యిందని నాటకం మానేస్తే ఏం బాగుంటదని అందరూ అన్నారు. నువ్వు రాస్తావని చెప్పేసినాను." నన్ను అడక్కుండా ఎట్లా చెప్పావని గట్టిగానే అడిగాను. "అడిగితే రాయనంటావు గదా," అన్నాడు, తప్పంతా నాదే అన్నట్టు. "సరే గానీ, ఒక్క మాట చెప్పక్కా. గడ్డం ఉంచమంటావా, తీసేయమంటావా?" అన్నాడు. రెండు రోజుల్లో చెప్తానని ఫోను పెట్టేశాను. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాను.

ఆ ప్రశ్న వినడానికి ఎంత చిన్నదో నాకు అంత బరువుగా ఎందుకు తగిలిందో చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట నా నవల ఒకటి వచ్చింది. రాయడానికి చాలా కాలం తీసుకున్నాను, రాసినంత కాలం ఇంట్లో ఎవరినీ సుఖంగా ఉండనివ్వలేదు. తీరా అది వచ్చాక ఎవరూ ఏమీ అనలేదు. బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు. తిట్టినా సంతోషించేదాన్ని. పుస్తకాల కట్టలు మంచం కింద చేరాయి, చీపురు లోపలికి పోవడం లేదని పనిమనిషి విసుక్కుంది. నా నవల గురించి నాకు అందిన అభిప్రాయం అదొక్కటే. ఆ తర్వాత ఇంకొకటి మొదలుపెట్టి, కొన్ని పేజీలు రాసి, ఒకరోజు ఆపాను. మర్నాడు రాద్దామనే ఆపాను. ఆ మర్నాడు ఇంకా రాలేదు.

మందులు వాడకపోలేదు. మా ఆయన రిటైరయ్యాక ఫోనులో వీడియోలు చూసి నాకు పంపే ఉద్యోగం పెట్టుకున్నారు. తెల్లవారుజామునే లేవాలని ఒకడు, రోజుకి ఇన్ని పేజీలని లెక్క పెట్టుకోవాలని ఇంకొకడు, బల్లను తూర్పుకి తిప్పాలని మరొకడు. తిప్పాం. తూర్పున పొగగొట్టాలున్నాయి. తెల్లవారుజామున లేచి కూర్చుంటే గొట్టాల మీద ఎర్ర లైట్లు ఆరుతూ వెలుగుతూ నన్నే చూస్తున్నట్టుండేవి, నేను వాటిని చూస్తూ కూర్చునేదాన్ని, పాలవాడు వచ్చేవాడు. మొదట్లో ఇదంతా నవ్వులాటగానే ఉండేది. కానీ ఈ వేసవిలో మా మేనత్త పోయినప్పుడు, సమాధి కూడికలో చదవడానికి ఆమె గురించి నాలుగు మాటలు రాయమ్మా అని అడిగారు. కాయితం తీసుకుని ఆమె గదిలోనే కూర్చున్నాను. ఒక్క వాక్యం రాలేదు. ఏడుపు వచ్చింది గానీ మాట రాలేదు. చివరికి పాస్టరుగారే తనకు తోచింది నోటితో చెప్పారు. నాకు నిజంగా భయం వేసింది ఆరోజే. రాత అనేది నాలో ఉండే వస్తువనీ, ఎప్పటికైనా తీసుకోవచ్చుననీ అనుకుంటూ వచ్చాను, తీరా చెయ్యి పెట్టి చూస్తే అక్కడ ఏమీ లేదు.

మా అత్తకి ఈ బాధ ఉండేది కాదు. ఆమె ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు టీచరు. తనను తాను రచయిత్రి అని ఎప్పుడూ అనుకోలేదు. ఏటా పండక్కి ఒక కొత్త నాటకం రాసేది, అంతే. కానీ రాసే పద్ధతి మాత్రం లోకంలో ఎవరికీ ఉండని పద్ధతి. అక్టోబరు మొదటి ఆదివారం ఆరాధన అయ్యి, జనం బయట చెప్పుల కోసం వెతుక్కుంటూ ఉండగా, చర్చి మెట్ల మీద నిలబడి వేషాలు పంచేసేది. అప్పటికి ఒక్క ముక్క రాసి ఉండేది కాదు. ఎవరు చెయ్యెత్తితే వాళ్లకొక వేషం, లేదనే మాట లేదు. నాటకంలో ఎంతమంది ఉంటారో, ఎవరెవరు ఉంటారో తేల్చేది ఆ మెట్ల దగ్గరి జనమే. ఒక ఏడు తూర్పు దేశపు జ్ఞానులు ఐదుగురయ్యారు, సంఘపెద్ద అల్లుళ్లిద్దరూ అలగడం వల్ల. ముగ్గురే కదమ్మా అని పాస్టరుగారు గొణిగితే, "వాక్యంలో ముగ్గురని యాడుందో చూపించండయ్యా," అంది అత్త. ఆయన ఇంటికి వెళ్లి చూసుకున్నారు కాబోలు, మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఇంకో ఏడు గొల్లలుగా వేస్తామని వలలు వేసేవాళ్లు పదిమంది దాకా వచ్చారు. ఊళ్లో గొర్రె అనేది లేదు. గొల్లల చేతికి కర్రలకు బదులు వలలే ఇచ్చి, వాళ్లను ఏటి ఒడ్డున కాపలా పడుకోబెట్టింది.

ముందు రాసుకుని ఆ తర్వాత పంచితే నీకు సుఖం కదా అని ఒకసారి అడిగాను. "ముందు రాయాలంటే ఎప్పటికి రాస్తానే," అంది. "దూత పిల్లకి వాళ్లమ్మ అప్పుడే తెల్లగౌను కొలతలు ఇచ్చొచ్చింది. ఇంక నేను రాయకుండా ఎట్టా ఉంటాను." ఆ రోజుల్లో నేను సెలవులకి అక్కడే ఉండి, ఎవరి మాటలు వాళ్లకి విడివిడిగా కాయితాల మీద ఎత్తి రాసిచ్చేదాన్ని. బయట వాన. తక్కిన చోట్ల వానలు వెనక్కి తగ్గే వేళకి మా సముద్రపు వైపు మొదలవుతాయి. పైకప్పు చూరు కారుతుంటే గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని అత్త రాసేది, రాసింది రాసినట్టు మామయ్యకి చదివి వినిపించేది. మామయ్య పొలం నుంచి వచ్చి గోడకి ఆనుకుని వినేవాడు. ఏనాడూ అభిప్రాయం చెప్పలేదు. వింటూ వింటూ ఆయన కునుకు తీసిన చోట అత్త పెన్నుతో కొట్టేసేది. నాకు తెలిసి అంత నిక్కచ్చి ఎడిటరు మళ్లీ తగల్లేదు.

రాజు గడ్డం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మొదట్లో అతను పెట్టుడు గడ్డమే పెట్టుకునేవాడు. ఒకసారి కోపంతో తల విదిలిస్తే ఆ గడ్డం ఊడి, ముందు వరసలో కూర్చున్న పాస్టరమ్మగారి ఒళ్లో పడింది. ఆవిడ కెవ్వుమంది. పసిబిడ్డల్ని చంపమని ఆజ్ఞ ఇవ్వాల్సిన రాజు, "తప్పైపోయిందమ్మా," అని స్టేజీ దిగి వచ్చి గడ్డం తీసుకెళ్లాడు. ఆ సిగ్గుతో మరుసటి సంవత్సరం నుంచి నిజం గడ్డం పెంచడం మొదలుపెట్టాడు. వేషాలు పంచిన ఆదివారంతో క్షవరం మానేస్తే పండగ నాటికి గుబురుగా పెరిగేది. ఎండకి గోధుమరంగు తిరిగిన దానికి మసి రాసి నల్లగా నిగనిగలాడించేవాడు. అక్టోబరు చివర్లో అతన్ని చూసి పండగ దగ్గర పడుతోందని ఊళ్లో అనుకునేవాళ్లు.

నేను కొత్తగా కాలేజీలో లెక్చరరుగా చేరిన ఏడు, వేషాలు పంచిన వారంలోనే మామయ్య పోయాడు. నారుమడికి నీళ్లు కట్టి వస్తూ గట్టు మీద కూర్చున్నాడట, కూర్చున్నవాడు అట్లాగే ఒరిగిపోయాడు. నేను సెలవు పెట్టి వెళ్లాను. అత్త గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. తినేది కాదు, ఎవరైనా పలకరిస్తే ఊ అనేది. రోజూ సాయంత్రం సంఘం వాళ్లు ఇంటికి వచ్చి ప్రార్థన చేసి, పాట పాడి, టీ తాగి వెళ్లేవాళ్లు. నాటకం మాట ఒక్కరూ ఎత్తలేదు. ఎట్లా ఎత్తుతారు. కానీ నోటితో అనకపోయినా మనుషులు చెబుతూనే ఉన్నారు. దూత పిల్లకి నెత్తిన పేలు పడ్డా జుట్టు కత్తిరించలేదు. సత్రం యజమాని వేషం ఇచ్చిన మనిషి మరీ బక్కపలచన, కాస్త ఒళ్లు చేస్తే గానీ యజమానిలా ఉండనని రెండు పూటలా పెరుగన్నం తింటున్నాడని వాళ్లావిడ నా చెవిలో చెప్పింది. అందరికంటే వెనక, తలుపు దగ్గర, ప్రార్థనలో కళ్లు మూసుకున్న రాజు గడ్డం రోజు రోజుకీ పెరుగుతోంది.

"నేనింక రాయనే," అంది అత్త ఒకరోజు, గోడతోనే. "వినేవాడు పోయినాడు. ఎవరికి చదివేది." అప్పుడు నాకు అది దుఃఖంలో అన్న మాటగా మాత్రమే తోచింది. దానిలో ఎంత నిజం ఉందో ఇప్పుడు తెలుస్తోంది. రాయడానికి ఏముందని కాదు ఆమె అడిగింది, ఎవరికని అడిగింది.

ఆ మర్నాడు పొద్దున రాజు ఒక్కడే వచ్చాడు. వాన తుంపర పడుతోంది, లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం బయటే నిలబడి, నేలచూపులు చూస్తూ, "టీచరమ్మా, ఒక్క మాట," అన్నాడు. "ఈ గడ్డం తీసేసుకోమంటారా? దురద పెడతా ఉంది. ఇంట్లో ఆడమనిషి పోరు పెడతా ఉంది. మీరు తీసేయమంటే ఈ పొద్దే తీసేస్తాను. ఊరికే అడుగుతుండా, ఇంకేం లేదు." అత్త మెల్లగా ఇటు తిరిగింది. అతన్ని చూసింది. తడిసి కారుతున్న గడ్డం, చేతిలో చెప్పులు, తప్పు చేసినట్టు మొహం. "ఉంచు," అంది. అతను తలూపి వెళ్లిపోయాడు.

ఆ ఒక్క మాటతో గలగలా రాసేసిందని చెబితే కథకి బాగుంటుంది, కానీ అట్లా జరగలేదు. చాప వేయించుకుని కూర్చుంది, కాయితం ఒళ్లో పెట్టుకుని వానను చూస్తూ ఉండిపోయింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత రాసింది, చించింది. నేను చూడబోతే ఇవ్వలేదు. మామయ్య కూర్చునే చోట గోడకి నూనె మరక ఉండేది, రాసింది అటువైపు తిరిగి చదివేది, చదివి కొట్టేసేది. పండగ నెల సగానికి వచ్చాక గానీ మాటలు ఎత్తి రాయడానికి నా చేతికి ఇవ్వలేదు. అందులో అంతకు ముందు ఏ నాటకంలోనూ లేని ఒక మనిషి ఉంది. సత్రం యజమాని భార్య. ఈ వేషం ఎవరికీ ఇవ్వలేదే అన్నాను. "అది రాసినవాళ్లకి," అంది.

నాటకం రోజు సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోయింది, పెట్రోమాక్స్ లైట్లు పెట్టారు. పెరుగన్నం తిన్నా ఏమాత్రం ఒళ్లు చెయ్యని యజమాని, నిండు చూలాలిని తీసుకొచ్చిన మనిషిని చోటు లేదు పొమ్మన్నాడు. అది ఏటా ఉండేదే. ఆ ఏడు మాత్రం అతని వెనక నుంచి తెల్లచీరలో అత్త వచ్చింది. చేతిలో లాంతరు ఉంది. "ఆయన అబద్ధం చెప్పినాడమ్మా," అంది ఆ చూలాలితో. "ఇంట్లో చోటుంది. నాకే ఓపిక లేదు. మా ఇంట్లో మనిషి పొయ్యి ఇంకా మూణ్ణెల్లు కాలా. నువ్వు లోపలికొస్తే నీకు నీళ్లు కాచాల, నీ బిడ్డ ఏడిస్తే నేను లేవాల. నా వల్ల కాదు తల్లీ." ఆమె లాంతరు పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆమె తర్వాతి మాట మర్చిపోయిందేమోనని తెర పక్క నుంచి అందివ్వబోయాను, మర్చిపోలేదు. "కొట్టంలో గడ్డి ఉంది. పొండి. పొయ్యి రాజేసి వస్తాను," అంది. ఆ తర్వాత రాజు స్టేజీ మీదికి రావాలి. రాలేదు. వెతికితే తెర వెనక కూర్చుని ఏడుస్తున్నాడు, మసి అంతా కరిగి చొక్కా మీదికి దిగింది. ఆ ఏడు పిల్లల్ని చంపించిన రాజు గడ్డం సగం నలుపు, సగం గోధుమరంగు.

అప్పటి నుంచి ఏటా ఆ వేషం అత్తదే. ఏటా మాటలు మార్చేది. మోకాళ్లు పట్టేసి మెట్లెక్కలేని రోజుల్లో కుర్చీలో కూర్చోబెట్టి స్టేజీ మీదికి మోశారు, కుర్చీలోంచే చోటు లేదని చెప్పింది. నేను చాలా ఏళ్లు వెళ్లి చూశాను, కొన్నేళ్లు వెళ్లలేదు. ఇప్పుడు రాతబల్ల ముందు కూర్చుని ఆలోచిస్తే ఆమె పద్ధతిలోని కిటుకు నాకు అర్థమవుతోంది, అర్థమయ్యే కొద్దీ దిగులు పెరుగుతోంది. ఆమె తెల్లవారుజామున లేవలేదు, పేజీలు లెక్కపెట్టలేదు, బల్ల తిప్పలేదు. ఆమెకు బల్లే లేదు. రాయకముందే మనుషుల్ని ఎదురుచూడనిచ్చింది. నా నవల కోసం ఎవరు ఎదురుచూశారు? ఎవరు క్షవరం మానుకున్నారు? మా ఆయనని అడిగితే, "నేను ఎదురుచూస్తున్నాను కదా," అన్నారు. ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుని, సెంటు రాసుకుని కూర్చున్నారు. నాకు నవ్వు వచ్చింది, కోపం కూడా వచ్చింది.

రెండు రోజుల్లో చెప్తానన్నదాన్ని చెప్పలేదు. ఆదివారం నేనే బయల్దేరి వెళ్లాను, ఈ పని నాతో కాదు, ఇంకెవరినైనా చూసుకోండని మొహం మీదే చెప్పేద్దామని. దారి పొడుగునా గుంటల్లో రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి, మబ్బు పట్టి ఉంది. ఆరాధన అయిపోయి జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. రాజు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తలకి తువ్వాలు చుట్టుకుని, నేను ఈ వేసవిలో చూసిన మనిషిలో సగం ఉన్నాడు. బుగ్గల మీద అక్కడొకటి ఇక్కడొకటి తెల్ల వెంట్రుకలు, మధ్యలో ఖాళీ చర్మం.

నా మొహం చూసి అతనే అందుకున్నాడు. "మద్రాసు ఆస్పత్రిలో చూపించుకుంటున్నానక్కా. ఆ మందులకి జుట్టంతా పొయ్యింది. మళ్లా వస్తదన్నారు. వస్తా ఉంది, చూడు," అని గడ్డం కింద చెయ్యి పెట్టి పైకెత్తి చూపించాడు, కొత్తగా వేసిన నారు చూపించినట్టు. ఏమయ్యిందని అడగబోతే చెయ్యి అడ్డం ఊపాడు. పెట్టుడు గడ్డం పెట్టుకోరాదా అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "పెట్టుకుంటే ఊడతది. ఒళ్లో పడేదానికి పాస్టరమ్మగారు కూడా లేకపాయె," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మెట్ల మీద ఈ ఏటి దూత పిల్ల వాళ్లమ్మ పక్కన నిలబడి నన్నే చూస్తోంది. గొల్లలు, జ్ఞానులు, అందరూ వేరే ఏదో మాట్లాడుకుంటున్నట్టు నటిస్తూ నన్నే చూస్తున్నారు. నాటకం ఆడేవాళ్లకి ఆ మాత్రం నటించడం కూడా రాలేదు.

"సత్రం యజమాని భార్య వేషం ఎవరికిచ్చారు?" అని అడిగాను. రాయనని చెప్పడానికి వచ్చిన మనిషి అడగాల్సిన ప్రశ్న కాదది. "ఎవురికీ ఇవ్వలా. అది రాసేవాళ్లది గదా," అన్నాడు రాజు. తర్వాత గొంతు తగ్గించి, "ఈసారి గడ్డానికి కొంచెం టైము పట్టేట్టుందక్కా. నువ్వేం తొందరపడబాకు. నేను పెంచతా ఉంటాను, నువ్వు రాస్తా ఉండు. నీకు రావడం లేదనుకో, తీసేయమని చెప్పు, తీసేస్తాను. ఏం అనుకోను," అన్నాడు. అతను నన్ను ఓదారుస్తున్నాడని అర్థమయ్యేసరికి నాకు సిగ్గు వేసింది. వచ్చే పండక్కి ఈ మనిషి ఉంటాడో లేదో అతనికీ తెలియదు, నాకూ తెలియదు, ఇద్దరం గడ్డం గురించే మాట్లాడుకుంటున్నాం.

"ఉంచు," అన్నాను.

ఇంటికి వచ్చి బల్ల తుడవకుండానే కూర్చున్నాను. బూడిద మీదే కాయితం పెట్టాను. సత్రం యజమాని భార్య లాంతరు పట్టుకుని వచ్చింది, వచ్చి ఏమీ మాట్లాడకుండా నిలబడింది. ఆమె నోట్లో రెండు మాటలు పెట్టాను, అవి అత్త మాటల్లా ఉన్నాయని కొట్టేశాను. మళ్లీ రాశాను, అవి నా పాత నవల మాటల్లా ఉన్నాయని కాయితమే చించాను. మా ఆయన తలుపు సందులోంచి తొంగి చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్లారు. ఇది రాస్తున్న ఇవాల్టికి కూడా నాటకం పావు వంతు కాలేదు, ఉన్నది బాగుందనీ చెప్పలేను. కాలమంతా నా చేతిలో ఉందనుకున్నన్నాళ్లూ నేను ఏమీ రాయలేదు. ఇప్పుడది అతని బుగ్గల మీద అక్కడొకటి ఇక్కడొకటి, తెల్లగా, నెమ్మదిగా పెరుగుతోంది.